బరువు ఎవరిని కాపాడుతుంది?

రెండు వాహనాలు గుద్దుకున్నప్పుడు బరువైనది తనలో కూర్చున్నవారిని కాపాడుతుంది, ఆ దెబ్బను తేలికైన వాహనంలోని వారి మీదికి నెడుతుంది. ఒక టన్ను కారు, రెండు టన్నుల వాహనం చెరి 50 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా వచ్చి అతుక్కుపోయాయనుకుంటే, ఆ ముద్ద పెద్ద వాహనం పోతున్న దిక్కుకే గంటకు సుమారు 17 కిలోమీటర్ల వేగంతో జరుగుతుంది. అంటే పెద్ద వాహనంలో ఉన్న మనిషి వేగం క్షణంలో 33 కిలోమీటర్లు మారితే, చిన్న కారులోని మనిషిది 67 మారుతుంది. శరీరానికి తగిలే గాయం చాలావరకు ఈ మార్పును బట్టే ఉంటుంది.

కర్నూలు జిల్లా మీదుగా పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఈ లెక్కను పదేపదే రుజువు చేసింది. 2019 మే 11న వెల్దుర్తి క్రాస్ దగ్గర ఒక ప్రైవేటు బస్సు మోటారు సైకిల్‌ను తప్పించబోయి, అవతలి వైపుకు వెళ్లి ఎదురుగా వస్తున్న తుఫాన్ వాహనాన్ని ఢీకొట్టింది. తుఫాన్‌లో ఉన్నవారిలో కనీసం 15 మంది చనిపోయారు. 2021 ఫిబ్రవరి 14న మాదాపురం దగ్గర మదనపల్లె నుంచి అజ్మీర్ పోతున్న టెంపో ట్రావెలర్ డివైడర్ దాటి లారీని గుద్దగా 14 మంది మరణించారు, నలుగురు పిల్లలు బతికారు. రెండు చోట్లా ప్రాణాలు పోయింది తేలికైన వాహనంలోనే. రెండు చోట్లా వాహనం మధ్య గీత దాటి అవతలికి వెళ్లింది. డివైడర్ దాన్ని ఆపగలిగి ఉంటే బరువు ప్రసక్తే వచ్చేది కాదు.

అయినా బరువును నమ్ముకోవడానికి లేదు. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున అదే రహదారి మీద చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు పోతున్న స్లీపర్ బస్సు, రోడ్డు మీద పడివున్న మోటారు సైకిల్‌ను తన కింద ఈడ్చుకుపోయింది. మంటలు లేచి 19 మంది ప్రయాణికులు కాలిపోయారు. ఆ బస్సుకు బైకు బరువు ఒక లెక్కలోది కాదు. ప్రాణాలు తీసింది మంట. అలాంటి చోట బతుకు నిలబెట్టేవి లోపలి సామగ్రి అంటుకునే తీరు, బయటపడే దారి.

బరువుకూ పరిమాణానికీ తేడా ఉంది. ముందు భాగం పొడవుగా ఉండి క్రమంగా నలిగే కారు, బరువు పెరగకపోయినా ప్రయాణికులను కాపాడుతుంది, ఎదుటివారికి హాని పెంచదు. 2023 అక్టోబరులో మొదలైన భారత్ ఎన్‌క్యాప్ అనే కార్ల భద్రతా పరీక్షలో కారును గంటకు 64 కిలోమీటర్ల వేగంతో ఒక అడ్డు మీదికి పంపుతారు. ఫలితాన్ని బట్టి కారుకు ఇచ్చే నక్షత్రాలు దాదాపు అంతే బరువున్న వాహనంతో ఢీకొన్నప్పటి సంగతే చెబుతాయి. అయిదు నక్షత్రాల చిన్న కారుకు లారీ ఎదురైతే ఆ హామీ చెల్లదు. షోరూములో ఈ మాట చెప్పేవారు అరుదు.

బేతంచెర్ల నాపరాళ్లు, ఎర్రగుంట్ల సిమెంటు, మంగంపేట ముగ్గురాయి మోసే లారీల దగ్గర మరో సమస్య. సిద్ధాంతరీత్యా టైరు పట్టు ఒకటే అయితే ఆగే దూరం బరువుతో మారదు. కానీ కడప, రాయచోటిల మధ్య గువ్వలచెరువు ఘాట్‌లో లోడు ఎక్కువైన లారీ బ్రేకులు వేడెక్కి పట్టు కోల్పోతాయి. చీకట్లో లైటు లేకుండా దారి పక్కన ఆపిన లారీ ఇంకో ముప్పు. వెనక అడ్డుకడ్డీ లేకపోతే కారు దాని కిందికి దూరిపోతుంది, బానెట్ నలగకముందే దెబ్బ అద్దం దగ్గర తగులుతుంది.

దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోగా, వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద ఉన్నవారు. బైకుకు నలిగే ముందు భాగమే లేదు. పత్తి ఏరడానికి కూలీలను ఎక్కించుకునే ఆటోలకూ రక్షణ తక్కువే. ఇలాంటి రోడ్ల మీద కార్లు బరువెక్కినకొద్దీ కొన్నవారు కొంత క్షేమం, మిగిలినవారు మరింత ప్రమాదం పొందుతారు.

కాబట్టి బరువైన వాహనం దాని యజమానికే సురక్షితం, రోడ్డుకు కాదు. ఇంజినీర్లలో రోడ్లు, వాహనాల పని చేపట్టేవారు ముందుగా సరిచూడవలసినవి దాటరాని డివైడర్, లారీ వెనక అడ్డుకడ్డీ, లోడు పరిమితి, బస్సు అత్యవసర ద్వారం.