నాలుగు గంటల దారి



భద్రాచలం అవతల, అడవి పక్కన ఒక పల్లె. అక్కడి తల్లి ఒకామె కొడుకు దుబాయికి కూలి పనికి పోతున్నాడు అనుకుందాం. "ఎంత దూరం అయ్యా?" అని ఆమె అడిగింది. "ఎంతమ్మా! విమానంలో నాలుగు గంటలే" అన్నాడు ఏజెంటు.

ఆ మాట అబద్ధం కాదు. కానీ అది సగం మాటే.

ముందు దూరం చూద్దాం. భద్రాచలం నుంచి హైదరాబాదుకు రోడ్డు మీద సుమారు 310 కిలోమీటర్లు. బస్సులో దాదాపు 7 గంటలు పడుతుంది. హైదరాబాదు నుంచి దుబాయికి సుమారు 2,500 కిలోమీటర్లు. విమానంలో సుమారు 4 గంటలు. దూరం ఎనిమిది రెట్లు ఎక్కువ. సమయం మాత్రం తక్కువ! ఎందుకు? బస్సు గంటకు 45 కిలోమీటర్లు పోతుంది. విమానం 600 కిలోమీటర్లకు పైగా పోతుంది. దానికి మలుపులు లేవు, మధ్యలో స్టాపులు లేవు.

ఇప్పుడు వేళ్ల మీద వెనక్కి లెక్క పెడదాం. విమానం 15వ తేదీ ఉదయం 10 గంటలకు. విమానాశ్రయానికి 3 గంటల ముందే చేరాలి. అంటే 7 గంటలకు. హైదరాబాదు బస్టాండు నుంచి శంషాబాదుకు ఒక గంట. అంటే 6 గంటలకు బస్సు దిగాలి. భద్రాచలంలో బస్సు ఎక్కేది ఎప్పుడు? 14వ తేదీ రాత్రి 11 గంటలకు.

బస్సు ఆలస్యమైతే? అందుకే ఇంకో 3 గంటలు చేతిలో ఉంచుకోవాలి. రాత్రి 8కే బస్సు ఎక్కాలి. చీకటి పడితే పల్లె నుంచి ఆటో దొరకదు. కాబట్టి 14న పగలే ఇల్లు కదలాలి.

వానాకాలంలో ఇంకా జాగ్రత్త. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. వంతెన మీద రాకపోకలు ఆపేశారు. దూరం పెరగలేదు. దారే మూసుకుపోయింది.

విమానం తప్పితే టికెట్టు డబ్బు పోవచ్చు. అప్పు మాత్రం పోదు.

టికెట్టు మీద ఇంకో చిక్కు ఉంది. 22:00 అంటే రాత్రి 10 గంటలు. 12 తీసివేస్తే తెలుస్తుంది. 00:30 అంటే రాత్రి పన్నెండున్నర. 15వ తేదీ 00:30 అని ఉంటే, 14 రాత్రికే విమానాశ్రయంలో ఉండాలి. 15 రాత్రి పోతే ఆ విమానం ఎప్పుడో వెళ్లిపోయి ఉంటుంది!

దుబాయి మనకు పడమర దిక్కున ఉంది. పొద్దు మన దగ్గర ముందు పొడుస్తుంది, అక్కడ తర్వాత పొడుస్తుంది. అందుకే అక్కడి గడియారం గంటన్నర వెనక ఉంటుంది. ఉదయం 10కి ఎగిరిన విమానం దిగేసరికి మనకు మధ్యాహ్నం 2. అక్కడ పన్నెండున్నరే. టికెట్టు మీద అక్కడి టైమే రాస్తారు. అది చూసి రెండున్నర గంటల ప్రయాణం అనుకోకూడదు. మనం తెల్లవారుజామున 5కి ఫోను చేస్తే అక్కడ మూడున్నర. పని చేసి అలసిన బిడ్డ నిద్రలో ఉంటాడు.

ఆ తల్లి టికెట్టు చేతిలోకి తీసుకుంది. తేదీ చదివింది. టైము చదివింది. వేళ్లు మడిచి లెక్క పెట్టింది. "బిడ్డా, 14న అన్నం తినంగానే బయలుదేరుదాం" అన్నది.

లెక్క వేయండి: విమానం 20వ తేదీ 22:00 గంటలకు. భద్రాచలంలో బస్సు ఎన్ని గంటలకు ఎక్కాలి?