పాత పికప్‌కు డిస్కు బ్రేకులా? సగం పని మాత్రం వద్దు
(ఏలూరు సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగం)



మన బళ్లు ఏం మోస్తాయో మీకు చెప్పక్కర్లేదు. కైకలూరు, ఆకివీడు చెరువుల నుంచి ఐసేసిన చేపలు, తిరుగు ప్రయాణంలో మేత బస్తాలు, తాడేపల్లిగూడెం మార్కెట్ నుంచి ఉల్లిపాయలు.

మా పాత పికప్‌కు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే. కిందటి వానాకాలం కొల్లేరు లంకల రోడ్డు మీద పారుతున్న నీళ్లు దాటి వస్తుంటే గేదె అడ్డమొచ్చింది. తొక్కితే బండి ఆగలేదు. గేదె తప్పుకుంది కాబట్టి సరిపోయింది. వెనకాల ఆరుగురు కూలీలున్నారు. సరుకు బండిలో మనుషుల్ని ఎక్కించడం మా తప్పే, ఒప్పుకుంటున్నాం.

కారణం ఇదండీ. డ్రమ్ములో నీళ్లు చేరితే లైనర్లు పట్టవు, ఆరేదాకా అంతే. డిస్కు బయటికే ఉంటుంది కాబట్టి తిరుగుతూ నీటిని విసిరేస్తుంది, వేడి కూడా త్వరగా వదులుతుంది. బ్రేకు వేస్తే బరువు ముందుకు తూలుతుంది, అందుకే ముందు చక్రాలకు మారిస్తే చాలా మేలు.

అయితే ఒక్క డిస్కు, కాలిపర్ తెచ్చి బిగిస్తే సరిపోదు. మేం మొదట చేసిన పొరపాటు అదే. కాలిపర్‌కు బ్రేక్ ఆయిల్ ఎక్కువ కావాలి. పాత మాస్టర్ సిలిండర్ చాలక పెడలు లోపలికి పోయేది. మీ మోడల్లోనే డిస్కుతో వచ్చిన తర్వాతి బండి సెట్టు మొత్తం తీసుకోండి: హబ్బు, డిస్కు, కాలిపర్, హోసు పైపులు, మాస్టర్ సిలిండర్, బూస్టర్. చక్రం రిమ్ము కాలిపర్‌కు తగలకుండా చూడండి. ముందూ వెనకా బ్రేకుల బలం కుదరాలి, లేకపోతే వెనక చక్రాలు ముందే పట్టేసి బండి పక్కకు తిరుగుతుంది. ఆఖరున పైపుల్లో గాలి పూర్తిగా తీయించి, ఖాళీ బండితో, ఖాళీ రోడ్డు మీద చూసుకోండి.

పని మొదలెట్టకముందే ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో అడగండి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ బండి మార్పులకు హద్దులు పెట్టింది. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు.

డబ్బు లేనివాళ్లు కనీసం లైనర్లు, వీల్ సిలిండర్లు మార్పించండి. నీళ్లు దాటాక నెమ్మదిగా నడుపుతూ పెడలు రెండుమూడుసార్లు మెల్లగా తొక్కి ఆరబెట్టండి.

చివరగా ఒక మాట. డిస్కు వేశాం కదా అని పది ట్రేలు ఎక్కువెక్కించొద్దు. వేగం రెట్టింపైతే బ్రేకు పట్టాక ఆగే దూరం దాదాపు నాలుగు రెట్లవుతుంది. కిరాయి తగ్గించుకోవడానికి బండిని కుక్కేది మనమే, రోడ్డు మీద పోయేదీ మనవాళ్లే. కిరాయి పెట్టే రైతులు, బండి యజమానులు కలిసి బ్రేకు ఖర్చు పంచుకుందాం. ప్రతి మండలంలో పట్టుబడికి ముందు ఒకరోజు బళ్లన్నీ నిలబెట్టి బ్రేకులు చూపిద్దాం. ఈ తీర్మానానికి చేతులెత్తమని కోరుతున్నాం.