చూపు మందగించినా శ్రుతి తప్పని ద్వారం వారు

(శంషాబాద్‌లో జరిగిన మన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వైకల్యాన్ని లెక్కచేయక సంగీతంలో రాణించినవారి గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. నాకు వెంటనే తట్టిన పేరు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. ఆయన గాయకులు కారు గానీ ఫిడేలు చేత పాట పాడించారు. నేను ఆయన వాద్యాన్ని రేడియోలోనే విన్నాను. అనౌన్సర్ పేరు చెప్పకముందే మా నాన్నగారు "ద్వారం వారు" అని గుర్తుపట్టేవారు.

నాయుడుగారు 1893లో బెంగుళూరులో జన్మించి, విశాఖపట్నంలో పెరిగారు. చిన్నతనం నుంచే చూపు మందం. అన్నగారు వెంకటకృష్ణయ్యగారే తొలి గురువు. వీణకున్నట్టు ఫిడేలుకు మెట్లుండవు. స్వరస్థానం వేలే వెతుక్కోవాలి, సరిగ్గా పడిందీ లేనిదీ చెవి చెప్పాలి. ఆ విద్యలో కళ్ళున్నవారికీ కళ్ళతో పని తక్కువే. నాయుడుగారు చెవినీ, సాధననూ నమ్ముకున్నారు.

విజయనగరం మహారాజావారి సంగీత కళాశాల 1919లో వెలసింది. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు దాని తొలి అధ్యక్షులు. 26 ఏళ్ళ వయసులో నాయుడుగారు అక్కడ ఫిడేలు ఆచార్యులయ్యారు.

నేను ఫైళ్ళ మధ్య బతికిన గుమాస్తాను. ఆ నియామకం ఫైలు మనలాంటివారి సెక్షనుకు వచ్చి ఉంటే ఏమయ్యేది? వైద్య ధ్రువపత్రం అడిగి, "దృష్టి నిబంధనల మేరకు లేదు" అని నోటు పెట్టి పైకి పంపేవాళ్ళం. కళాశాలవారు ఆయన చేతిలోని విద్యను చూశారు. ఫలితం లోకానికి తెలుసు. 1936లో ఆ కళాశాలకే ప్రిన్సిపాల్ అయ్యారు. పక్కవాద్యమైన ఫిడేలుకు సోలో కచేరీలతో పెద్దపీట వేశారు. 1941లో సంగీత కళానిధి, 1957లో పద్మశ్రీ వరించాయి. 1964లో స్వర్గస్థులయ్యారు. 1993లో తపాలా బిళ్ళ వెలువడింది.

వికలాంగులకు ఉద్యోగాల్లో 3 శాతం కేటాయించిన కేంద్ర చట్టం 1995లో గానీ రాలేదు. 2016 చట్టం దాన్ని 4 శాతం చేసింది. అందులో 1 శాతం చూపు లేనివారికి, మందగించినవారికి. ఇంత చట్టం చెప్పేదాన్ని విజయనగరం ఏనాడో ఆచరించింది.

మన పక్కనే విమానాశ్రయం ఉంది. నడవలేని ప్రయాణికుణ్ణి "కాళ్ళు బాగయ్యాక రండి" అని ఎవరూ తిప్పి పంపరు. చక్రాల కుర్చీ తెచ్చి విమానం దాకా చేరుస్తారు. సంగీతంలోనూ, కొలువులోనూ కావలసింది ఆ కుర్చీయే.

శుక్లాలొచ్చాయనీ, వేళ్ళు వణుకుతున్నాయనీ హార్మోనియం అటకెక్కించినవారు మనలో ఉన్నారు. దయచేసి దించండి. నెలవారీ సమావేశంలో వారికో అరగంట కేటాయించమని అధ్యక్షులవారికి నా మనవి. అలాగే మన ఇళ్ళలోగానీ, ఇరుగుపొరుగునగానీ చూపు తక్కువైన పిల్లలుంటే, అయ్యో పాపం అనేముందు ఒక సంగీతం మాస్టారి దగ్గరకు తీసుకెళ్ళండి.