గేరుబండి విద్య



మన చిక్కబళ్ళాపుర, బాగేపల్లి, చింతామణి ప్రాంతాల్లో ఎవరినైనా "డ్రైవింగు వస్తుందా?" అని అడిగితే, మొన్నమొన్నటిదాకా ఆ మాటకు అర్థం ఒక్కటే. క్లచ్చు తొక్కి గేరు వేయడం వస్తుందా అని. స్టీరింగు తిప్పడం ఎవరైనా ఒకటి రెండు పూటల్లో నేర్చుకుంటారు. మిట్టమీద ఆగిన బండిని వెనక్కి జారనీయకుండా, ఇంజను ఆగిపోకుండా ముందుకు కదిలించిన రోజే ఆ మనిషికి డ్రైవింగు వచ్చినట్టు లెక్క. ఇప్పుడు ఆ లెక్క మారుతోంది. ఎడమకాలికి పనిలేని కార్లు మన ఊళ్ళ వీధుల్లోకీ వచ్చేశాయి. ఈ మార్పువల్ల మనకు కలిగిన సుఖం ఏమిటి, చేజారిపోతున్నది ఏమిటి, చేజారనీయకూడనిది ఏమిటి అన్న సంగతులు ఈనాటి ప్రసంగంలో మీతో పంచుకుంటాను.

ముందుగా గేరు చేసే పని ఏమిటో చూద్దాం. ఎద్దులబండికి గేరు లేదు. బరువు ఎక్కువై మిట్ట ఎదురైతే ఇంకో జత ఎద్దులను కట్టాలి. లేదంటే నలుగురు దిగి చక్రాలకు భుజం పట్టాలి. మోటారుబండికి అప్పటికప్పుడు ఇంకో ఇంజను తెచ్చి కట్టలేం కదా! ఉన్న ఇంజను బలాన్నే అవసరాన్ని బట్టి మార్చుకుని వాడుకోవాలి. మామూలు చిన్న కారులో మొదటి గేరు వేస్తే, ఇంజను సుమారు మూడున్నర చుట్లు తిరిగినప్పుడు గేరుపెట్టెలోనుండి బయటికి వచ్చే ఇరుసు ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం తగ్గుతుంది, లాగే బలం పెరుగుతుంది. నాలుగో గేరులో రెండూ దాదాపు సమానంగా తిరుగుతాయి. అప్పుడు వేగం వస్తుంది, లాగుడు తగ్గుతుంది. బలమూ వేగమూ రెండూ ఒకేసారి నిండుగా దొరకవు. ఒకటి ఇచ్చి ఇంకొకటి తీసుకునే ఈ బేరమే గేరు. బేరం మార్చుకునేటప్పుడు ఇంజనునూ చక్రాలనూ క్షణంసేపు విడదీసి, మళ్ళీ మెల్లగా కలిపేది క్లచ్చు.

ఈ బేరం ఎప్పుడు చేయాలో డ్రైవరుకు చెప్పేది చెవి. మిట్ట ఎక్కుతూ ఇంజను గొంతు బరువెక్కి గుబగుబలాడుతుంటే గేరు తగ్గించమని అడుగుతున్నట్టు. గొంతు సన్నబడి కీచుమంటుంటే పై గేరు వేయమని. చెవి విన్నదాన్ని ఎడమకాలూ ఎడమచెయ్యీ కలిసి నెరవేరుస్తాయి. క్లచ్చు ఎక్కడ పట్టుకుంటుందో అరికాలికి తెలియాలి. అది ఏ పుస్తకం చదివినా రాదు. బండికీ మనిషికీ మధ్య ఇలా మాట కలిసిన తరువాత కుదుపు లేకుండా గేరు పడిందంటే, ఆ తృప్తే వేరు. బాగా శ్రుతి కుదిరిన తంబురా పట్టుకున్నవారికి ఆ తృప్తి ఎలాంటిదో వేరే చెప్పనక్కరలేదు.

పాత లారీల మీదా బస్సుల మీదా పనిచేసినవారికి ఈ విద్య ఇంకా కష్టమైనది. గేరుపళ్ళు రాసుకోకుండా వాటి వేగాలను తనంత తానే సమం చేసే ఏర్పాటు ఒకటి ఉంది, దాన్ని సింక్రోమెష్ అంటారు. అమెరికాలో క్యాడిలాక్ కార్లలో 1928లోనే అది వచ్చింది. మన దేశంలో లారీలూ బస్సులూ మాత్రం అది లేకుండానే చాలా ఏళ్ళు నడిచాయి. అందుకే గేరు తగ్గించాలంటే డబుల్ క్లచ్ కొట్టాలి. అంటే, క్లచ్చు తొక్కి న్యూట్రల్‌లోకి తేవాలి, క్లచ్చు వదిలి ఎక్సిలేటరు కాస్త ఇవ్వాలి, మళ్ళీ క్లచ్చు తొక్కి కింది గేరు వేయాలి. ఇదంతా ఒక్క ఊపిరిలో జరగాలి. వేళ తప్పితే గేరుపెట్టె గరగరమని బస్సంతా వినబడేట్టు అరుస్తుంది. క్లీనరుగా చేరిన పిల్లవాడు ఏళ్ళ తరబడి "అన్నా, అన్నా" అంటూ పక్కన కూర్చుని, ఆ శబ్దాలు విని విని నేర్చుకున్న విద్య ఇది. మన ప్రాంతంలో సేద్యానికి వాన చాలని ఏడాదుల్లో ఎన్నో ఇళ్ళకు కూడు పెట్టిన విద్య కూడా.

కార్ల సంగతికి వస్తే, ఈ కథకు మన జిల్లాతో చుట్టరికం ఉంది. ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు 1930లలో విదేశాలకు వెళ్ళి కార్ల కర్మాగారాలను చూసివచ్చారు. మోటారుకార్లు మన దేశంలోనే తయారు కావాలని పథకం వేశారు. అప్పటి ఆంగ్ల ప్రభుత్వం దానికి చేయూతనివ్వలేదు. ఆ తలంపును పారిశ్రామికవేత్త వాల్‌చంద్ హీరాచంద్ ముందుకు తీసుకువెళ్ళి, 1944లో బొంబాయిలో ప్రీమియర్ ఆటోమొబైల్స్ సంస్థను నెలకొల్పారు. మనం ఫియట్ అని పిలుచుకున్న ప్రీమియర్ పద్మిని కారు అక్కడిదే. దానికి జోడు కలకత్తా దగ్గరి ఉత్తరపారాలో తయారైన అంబాసిడర్. ఈ రెండింటికీ గేరుకర్ర స్టీరింగు కిందినుండి పక్కకు పొడుచుకు వచ్చేది. ముందు సీటు ఒకే బెంచీలా ఉండేది గనుక డ్రైవరు పక్కన ఇద్దరు సర్దుకునేవారు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చి గేరుకర్రను నేలమీదికి దించింది. ఎందరో మధ్యతరగతివారు డ్రైవరును పెట్టుకోకుండా సొంతంగా కారు నడపడం నేర్చుకున్నది ఆ చిన్న కారుతోనే.

ఇప్పుడు 2014 సంవత్సరాన్ని గుర్తుపెట్టుకోండి. ఆ ఏడాది జనవరిలో మారుతి 800 తయారీ ఆగిపోయింది. మే నెలలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. ఈ రెండింటికీ నడుమ, ఫిబ్రవరిలో, తనంత తానే గేర్లు మార్చుకునే సెలెరియో కారు మధ్యతరగతికి అందే ధరలో వచ్చింది. అంతకు ముందు మన దేశంలో ఆటోమేటిక్ కార్లు లేకపోలేదు. అమెరికాలో అయితే 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లనాటికే వచ్చాయి. కానీ మనకు వాటి ధర ఎక్కువ, మైలేజీ తక్కువ. కొత్త పద్ధతిలో పాత గేరుపెట్టె, పాత క్లచ్చు అలాగే ఉంటాయి. వాటిని కదిలించే పని మాత్రం మన చేతినుండి, కాలినుండి ఒక యంత్రానికి పోయింది. అందుకే ధర తగ్గింది. ఇక బ్యాటరీ కార్లలో మార్చుకోవడానికి గేర్లే ఉండవు. బెంగళూరులోనే తయారై 2001లో అమ్మకానికి వచ్చిన రేవా కారు ఆ దారికి తొలి అడుగుల్లో ఒకటి. ఈనాటికీ మన దేశంలో అమ్ముడయ్యే కొత్త కార్లలో ఎక్కువ భాగం గేరుకార్లే. అయినా రెండు పెడళ్ళ కార్ల వాటా పెరుగుతూనే ఉంది. అమెరికాలో నూరు కొత్త కార్లలో గేరుకార్లు ఒకటో రెండో మాత్రమే.

ఈ మార్పును తిట్టిపోయడం న్యాయం కాదు. బాగేపల్లి నుండి దేవనహళ్ళి దాకా హాయిగా సాగిన బండి హెబ్బాళ దగ్గరికి వచ్చేసరికి చీమలబారులో చిక్కుకుంటుంది. అక్కడ గంటసేపు క్లచ్చు తొక్కి వదిలిన ఎడమ మోకాలికే తెలుసు ఆ బాధ. రోజంతా బాడుగకారు నడిపే మన పిల్లలకు అది తప్పిందంటే సంతోషించాలి. ఎడమకాలు సరిగా లేనివారు, మోకాళ్ళు అరిగిన పెద్దవారు, ఇంజను ఆగిపోతే వెనకవాళ్ళు హారన్ కొడతారన్న భయంతో స్టీరింగు ముట్టని ఆడవాళ్ళు, మగవాళ్ళు ఎందరో ఈనాడు ధైర్యంగా బండి తీస్తున్నారు. రోడ్డు కూడా మారింది. పాత 7వ నంబరు, ఇప్పటి 44వ నంబరు జాతీయ రహదారి ఒంటిదారిగా ఉన్నప్పుడు లారీని దాటాలంటే గేరు తగ్గించి, అదను చూసి దూరాలి. ఇప్పటి వెడల్పు రోడ్డుమీద పై గేరు వేశాక చాలాసేపు గేరుకర్రతో పనిలేదు.

మరి చేజారనీయకూడనిది ఏమిటి? నా దృష్టిలో అది దిగుడు విద్య. నంది కొండ 1,478 మీటర్ల ఎత్తు. సెలవురోజుల్లో తెల్లవారకముందే బెంగళూరునుండి కార్లు బారులు తీరి వస్తాయి. ఎక్కడం ఏ బండైనా ఎక్కుతుంది. మనిషి పనితనం తెలిసేది దిగేటప్పుడే. మలుపు తరువాత మలుపు వస్తుంటే బ్రేకు మీదే కాలుపెట్టి దిగితే బ్రేకులు కాగిపోతాయి. కాలిన వాసన వస్తుంది. ఇంకా వేడెక్కితే బ్రేకు ఆయిలు మరిగి, పెడలు మెత్తగా లోపలికి పోతుంది, బండి మాత్రం ఆగదు. పాత డ్రైవర్లు దీనికి ఒక సూత్రం చెబుతారు. ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు అని. రెండో గేరులో ఉంచి ఎక్సిలేటరు వదిలితే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచుతుంది. బ్రేకు మలుపుల దగ్గర మాత్రమే వాడితే చాలు.

డీజిలు మిగులుతుందని పల్లంలో న్యూట్రల్ చేసేవారు కొందరున్నారు. అది ప్రాణానికి ముప్పు, పైగా లెక్క కూడా తప్పు. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండగా ఎక్సిలేటరు వదిలితే ఇంధనం పూర్తిగా ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఉంటే ఇంజను ఆగకుండా ఉండడానికి ఎంతో కొంత తాగుతూనే ఉంటుంది. ఇక ఇంజనే ఆపేసి దిగితే బ్రేకుకు తోడుగా ఉండే బలం పోతుంది, స్టీరింగు బిగుసుకుపోతుంది.

గేరుబండి నేర్చుకున్నవారికి ఈ సంగతి కాళ్ళలోనే ఉంటుంది. రెండు పెడళ్ళ బండితో మొదలుపెట్టినవారికి ఎవరో ఒకరు చెప్పాలి. వారి బండిలోనూ ఆ ఏర్పాటు ఉంది. గేరుకర్ర దగ్గర 'ఎల్' అనో 'ఎమ్' అనో అక్షరం కనబడుతుంది. కొండ దిగేటప్పుడు 'డి'లోనే వదిలేయకుండా దాన్ని వాడుకోవాలి. బ్యాటరీ కార్లయితే ఎక్సిలేటరు వదలగానే మోటారే బండిని పట్టి, ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది. కానీ కొండమీదే నిండుగా ఛార్జి చేసుకుని దిగితే బ్యాటరీలో చోటుండదు గనుక ఆ పట్టు తగ్గుతుంది. ఇంకొక జాగ్రత్త ఉంది. గేరుబండిలో కొత్తవారు తప్పు చేస్తే చాలావరకు ఇంజను ఆగిపోతుంది. ఆటోమేటిక్ బండిలో బ్రేకు అనుకుని ఎక్సిలేటరు తొక్కితే బండి ముందుకు దూకుతుంది. అందుకే బ్రేకుకూ ఎక్సిలేటరుకూ కుడికాలే వాడాలి. ఎడమకాలిని పక్కన పెట్టి కదలనీయకూడదు.

ఇక్కడే మన ప్రాంతానికి సంబంధించిన అసలు విషయం ఉంది. బ్రిటనులో ఆటోమేటిక్ కారుతో పరీక్ష నెగ్గినవారు గేరుకారు నడపకూడదు. మన దేశంలో స్కూటర్లకూ మోటారుసైకిళ్ళకూ గేరున్నవి, లేనివి అని తేడా ఉంది గానీ, కార్లకు లేదు. లైసెన్సు ఒకటే. 2024 నవంబరులో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఆ తేలికపాటి వాహనాల లైసెన్సుతోనే మొత్తం బరువు 7,500 కిలోల లోపు ఉన్న రవాణా బండ్లనూ నడపవచ్చని తీర్పు చెప్పింది. ఎందరో చిన్న డ్రైవర్లకు అది ఊరట. కానీ దీని అర్థం కూడా ఆలోచించండి. గేరు ముట్టకుండా లైసెన్సు తీసుకున్న కుర్రవాడు, రేపు చింతామణి టమాటా పెట్టెలు నిండుగా వేసిన పికప్ బండిని మదనపల్లెకు తోలవచ్చు. చట్టం అడ్డుచెప్పదు. బరువుబండి పల్లానికి దిగేటప్పుడు దాన్ని పట్టి ఉంచేది లైసెన్సు కాగితం కాదు, గేరు. అలాంటి బండ్లు మన మార్కెట్లకు వచ్చేవి ఈనాటికీ ఎక్కువగా గేరుబండ్లే.

కాబట్టి తల్లిదండ్రులకూ, డ్రైవింగు నేర్పేవారికీ నా మనవి ఒక్కటే. పిల్లలకు ఏ కారు కొనిచ్చినా సరే, నేర్పడం మాత్రం గేరుబండితో మొదలుపెట్టండి. ఊరి బయట ఖాళీ మైదానంలో, ఎండిన చెరువు పక్కన, నాలుగు ఆదివారాలు కేటాయించండి. అరికాలితో క్లచ్చును, చెవితో ఇంజనును పరిచయం చేయండి. మిట్టమీద ఆపి కదిలించడం, పల్లంలో గేరు వేసి దిగడం వచ్చేదాకా వదలకండి. ఇంట్లోనో, పక్కింట్లోనో లారీ నడిపి ఇంటిపట్టున ఉన్న పెద్దాయన ఉంటే ఆయన్ని పక్కన కూర్చోబెట్టండి. ఆయన చెప్పే నాలుగు మాటలు మరెక్కడా దొరకవు. ఆ తరువాత పిల్లలు ఏ బండి నడిపినా, గేరు మార్చే పని యంత్రానిదే అయినా, ముందున్న దారిని చదివి మాట చెప్పేది వారే అవుతారు.

గేరుకర్ర ఒకనాటికి మ్యూజియంలోకి పోతే పోనివ్వండి. కొండలు మాత్రం ఎక్కడికీ పోవు. వాటిని క్షేమంగా దిగే విద్య మన పిల్లల చేతుల్లో ఉండాలని కోరుకుంటూ, మీ దగ్గర సెలవు తీసుకుంటాను.