పాత స్కూటరును ఇంట బాగుచేసికొనుట



గుంటూరు, ప్రకాశము సీమలలో ఏ యూరికి పోయినను, పశువుల కొట్టములోనో వసారా మూలనో గోనెపట్టాలు కప్పుకొని యొక పాత స్కూటరు నిలిచియుండుట చూతుము. ప్రత్తి బాగుగ పండిన యేటనో, మిరపకు ధర పలికిన యేటనో ఇంటి పెద్ద కొనితెచ్చిన బండి యది. దానిపై విత్తనములు వచ్చినవి, పురుగుమందు డబ్బాలు వచ్చినవి. బిడ్డలు బడికి పోయిరి. రోగులు ఆసుపత్రికి చేరిరి. నేడు దానిని పాత ఇనుము వర్తకునకు తూచి యిచ్చుటయా, తిరిగి నడిపించుటయా యను ప్రశ్న అనేక గృహములలో పుట్టుచున్నది. తక్కెడ చెప్పు సమాధాన మొక్కటే సమాధానము కాదు. బండిని విప్పి, యర్థము చేసికొని, మరల కూర్చుట మన యింటి కుర్రవానికి ఒక చదువు. ఆ చదువు ఎట్లు సాగవలయునో, అందు పెద్దల పాత్ర యేమో, ఎక్కడ ఆగుట మేలో మనవి చేయదలచితిని.

మొదట ఈ బండి పుట్టుకను గూర్చి కొంచెము. రెండవ ప్రపంచ యుద్ధమున ఇటలీ దేశమందలి పొంటెడేరా పట్టణమున పియాజియో వారి విమాన కర్మాగారము బాంబులకు ధ్వంసమయ్యెను. యుద్ధానంతరము, విమానములు చేయు పని లేని కాలమున, కొర్రాడినో దస్కానియో అను విమాన శాస్త్రజ్ఞుడు సామాన్య జనులకు తగిన బండి నొకదానిని రూపొందించెను. 1946లో అది వెస్పా అను పేర వెలువడినది. వెస్పా యనగా ఆ భాషలో కందిరీగ. దీనికి గొలుసు లేదు. ఇంజను వెనుక చక్రమును ఆనుకొనియే యుండును. మోటారు సైకిలునకు వలె గొట్టముల చట్రమును లేదు. వంచిన రేకే యెముక, రేకే చర్మము. మన దేశమున బజాజు సంస్థవారు 1960 ప్రాంతమున పియాజియో వారి యనుమతితో ఇట్టి బండ్లను చేయ నారంభించిరి. 1972లో రాణా ప్రతాపుని గుఱ్ఱము పేర చేతక్ వచ్చినది. హైదరాబాదున ఆల్విన్ వారు పుష్పక్ అను స్కూటరును చేసిరి. ఆ దినములలో డబ్బు కట్టి యేండ్ల తరబడి వరుసలో వేచియుండినవారు మీలో పలువురు కలరు. బజాజు వారు స్కూటర్ల తయారీని విరమింతుమని 2009లో ప్రకటించి, పదియేండ్లకు, 2019లో, విద్యుత్తుతో నడచు బండికి చేతక్ అను పేరే మరల పెట్టిరి.

ఇక మరమ్మతు విషయము. చిలకలూరిపేట దాపున నాయొద్ద చదివిన యువకు డొకడు కలడు. అతని తండ్రి చేతక్ కొనిన కొలది కాలమునకే 1987–88 సంవత్సరము వచ్చినది. ఆ యేట తెల్లదోమ, పచ్చపురుగు పడి ఈ ప్రాంతమున ప్రత్తి రైతు లెట్లు కూలిపోయిరో, ఎందరు ప్రాణములు తీసికొనిరో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ యింట బంగారము తాకట్టు పోయినది, ఎడ్లు పోయినవి. స్కూటరు మాత్రము నిలిచినది. తండ్రి పోయిన పిదప అది తొమ్మిదేండ్లు కొట్టములో నుండెను. అంతకు ముందు రెండుమారులు పిస్టను పట్టుకొనిపోగా, రెండుమారులును క్రొత్త పిస్టను వేయించిరి. మూడవమారును అట్లే పట్టుకొనిపోయినది. ఇక లాభము లేదని వదలివేసిరి. ఆ యువకుడు దానిని లేపదలచి నన్ను సలహా యడిగెను. నాకు తెలిసినది శాస్త్రపాఠ క్రమమే కాబట్టి దానినే చెప్పితిని.

వ్యాఖ్యానమునకు పెద్దలు ఐదు లక్షణములు చెప్పిరి: పదచ్ఛేదము, పదార్థోక్తి, విగ్రహము, వాక్యయోజన, ఆక్షేప సమాధానము. కాని వీని కన్నిటికిని ముందు గురువు శిష్యునిచే మూలమును ఒకమారు చదివించి వినును. యంత్రమునకు మూల మేమి? అది నడచిన కాలమున ఎట్లు నడచినదో ఆ వృత్తాంతమే మూలము. అది పానాలకు తెలియదు. ఇంటి పెద్దలకు తెలియును. ఆ యువకుని తల్లి నడుగగా ఆమె యిట్లనెను: “మీ నాయన యాక్సిలరేటరు వదలినా బండి తనంత తానే కేకలు పెట్టేదయ్యా. ఆ తరువాతే ఆగిపోయేది.” ఈ యొక్క మాటను ఎవరును ఆమెను అడిగియుండలేదు.

పిమ్మట పదచ్ఛేదము, అనగా విప్పుట. విప్పుటకు ముందు ఫోటోలు తీయవలయును. నేడు ప్రతి యింట ఆ సాధనము కలదు. ఒక్కొక్క భాగపు బోల్టులను వేరువేరు డబ్బాలలో నుంచి పేరు వ్రాయవలయును. ఫ్లైవీలును సుత్తితో కొట్టరాదు. దానిని లాగుటకు వేరే పనిముట్టు కలదు, మేస్త్రీ యొద్ద నడిగి తెచ్చుకొనవచ్చును. చక్రపు రిమ్ము రెండు ముక్కలుగా నుండి నట్లతో బిగింపబడి యుండును. గాలి పూర్తిగ తీయక ఆ నట్లను విప్పినచో రిమ్ము ముక్క యెగిరి ముఖమునకు తగులును. పాత బ్రేకులందలి పొడిని నోటితో ఊదరాదు. అందు ఆస్బెస్టాసు ఉండవచ్చును, అది ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడువవలయును. పెట్రోలు టాంకీని తీయుచోట దీపము గాని చుట్ట గాని ఉండరాదు.

మూడవది పదార్థోక్తి: ప్రతి భాగమున కర్థము తెలియుట. చేతక్ సిలిండరు లోపలి వ్యాసము 57 మిల్లీమీటర్లు. పిస్టను నడచు దూరమును 57 మిల్లీమీటర్లే. లెక్క కట్టినచో 145 ఘన సెంటీమీటర్ల పైచిలుకు వచ్చును. పిస్టను పైకి పోవునపుడు క్రింది గదిలోనికి పెట్రోలు కలిసిన గాలి పీల్చబడును. అది క్రిందికి దిగునపుడు ఆ మిశ్రమము ప్రక్క దారుల గుండ పైకెక్కి, కాలిన పొగను వెలుపలికి నెట్టును. పిస్టను మరల పైకి లేచి దానిని నొక్కగా ప్లగ్గు నిప్పురవ్వ నిచ్చును. ఈ యింజనులోపల వేరుగ నూనె తొట్టి లేదు. పెట్రోలులో కలిపిన నూనెయే పిస్టనునకు తడి. లీటరునకు 20 మిల్లీలీటర్ల నూనె కలుపవలయును. తక్కువైన పిస్టను కాలును. ఎక్కువైన ప్లగ్గు నల్లబడును, సైలెన్సరులో మసి పేరుకొనును.

నాలుగవది విగ్రహము: ఒక భాగమునకు మరియొక భాగముతో గల సంబంధమును విడదీసి చూచుట. రోగము దొరకు చోటు ఇదియే. పిస్టను నడచు క్రింది గదికి ఇరువైపుల రబ్బరు సీళ్లు కలవు. క్లచ్చి వైపు సీలు చెడినచో ఇంజను గేరు నూనెను పీల్చి తెల్లని పొగ విపరీతముగ విడుచును. ఫ్లైవీలు వైపు సీలు చెడినచో వెలుపలి గాలిని పీల్చును. అపుడు పెట్రోలు పాలు తగ్గును, దానితోడనే నూనె పాలును తగ్గును, వేడి పెరుగును, యాక్సిలరేటరు వదలినను ఇంజను తానే పరుగెత్తును, తుదకు పిస్టను పట్టుకొనిపోవును. ఆ తల్లి చెప్పిన మాట ఇదియే కదా! ఫ్లైవీలు తీసి చూడగా ఆ రబ్బరు సీలు ఎండి, అంచు పగిలి యుండెను. కొలది రూపాయల వస్తువు. దానిని చూడక రెండుమారులు పిస్టను మార్చిరి. అది కార్యమునకు చేసిన చికిత్స గాని కారణమునకు చేసినది కాదు.

ఈ విషయము బండికే చెల్లదు. ఆకు ముడుచుకొనగనే ఏ పురుగో ఏ తెగులో విచారింపక మందు పిచికారీ చేయు రైతును, చెడిన దానిని మార్చి చెఱచిన దానిని వదలు మేస్త్రీని ఒక్క గాటనే కట్టవలసియున్నది.

ఐదవది వాక్యయోజన: తిరిగి కూర్చుట. సీళ్లు, గాస్కెట్లు, పెట్రోలు రబ్బరు గొట్టము తప్పక క్రొత్తవి వేయవలయును. ఇప్పటి పెట్రోలులో నూటికి ఇరువది పాళ్ల వరకు ఇథనాలు కలియుచున్నది. అది పాత రబ్బరును చెఱచును, తేమను పీల్చి టాంకీకి త్రుప్పు పట్టించును. సిలిండరునకు గీతలు పడినచో లేతు మిషను గల షాపున బోరింగు చేయించి దానికి తగిన పిస్టను వేయవలయును. అది ఇంట జరుగు పని కాదు. కార్బురేటరు రంధ్రములను సన్నని తీగతో పొడువరాదు, గాలితో ఊదించవలయును. బండిని ప్రక్కకు వంచి కిక్కు కొట్టుట మన కందరకు తెలిసిన యుపాయమే. కాని అది రంధ్రము పూడినదని చెప్పు గుర్తు గాని మందు కాదు. ప్లగ్గు సందు సుమారు 0.6 మిల్లీమీటరు ఉండవలయును. బ్రేకు తీగలను, క్లచ్చి తీగను పాతవి పెట్టరాదు.

రేకు సంగతి మరువరాదు. మన రేగడి బురద మడ్‌గార్డు లోపలను, కాళ్లు పెట్టుకొను రేకు క్రిందను అంటుకొని నెలల తరబడి తడిని పట్టియుంచును. పైన రంగు నిగనిగలాడుచున్నను క్రింద త్రుప్పు తినుచుండును. స్క్రూడ్రైవరు మొనతో క్రిందనుండి నొక్కి చూడుడు. దిగినచో వెల్డింగు కావలయును. రేకే ఎముక యని ముందే చెప్పితిని. బ్రేకు పెడలు ఆ రేకునకే బిగింపబడి యుండును.

చివరది ఆక్షేప సమాధానము, అనగా పరీక్ష. ఇంజనును మూసిన కొట్టములో నడుపరాదు. ఆ పొగలో వాసన లేని విషవాయువు కలదు, అది ప్రాణము తీయును. ఆరుబయట లేపవలయును. మొదట బ్రేకులు, పిమ్మట వేగము. బోరింగు చేసిన బండిని తొలి 500 కిలోమీటర్లు మెల్లగ, బరువు లేక నడుపవలయును.

ఎక్కడ ఆగవలయునో కూడ చెప్పవలయును కదా. పత్రములు లేని బండికి, ఇంజను సంఖ్య గాని ఛాసిస్ సంఖ్య గాని చెరిపిన బండికి ఒక రూపాయి యైనను పెట్టకుడు. సొంత వాహనపు రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. పిమ్మట తనిఖీ చేయించి ఐదేండ్ల కొకమారు పునరుద్ధరించుకొనవలయును. రేకు అంతయు తినివేయబడినచో దానిని పోనిండు. మరియు ఈ రెండు దెబ్బల ఇంజను కాలని పెట్రోలును కొంత పొగతో విడుచును. కావున నిత్యము పట్టణములో తిరుగుటకు ఇది తగదు. పొలమునకు, ప్రక్క యూరికి చాలును.

ఆ యువకుని బండి నాలుగు నెలలకు లేచినది. తల్లిని వెనుక కూర్చుండబెట్టుకొని కోటప్పకొండకు పోయివచ్చినాడు. పాత ఇనుము వర్తకుడు ఇచ్చెదనన్న దానికంటె ఎక్కువే ఖర్చయినది. అతడు ఆ లెక్క దాచలేదు. కాని ఇప్పుడు ఊరిలో మందుకొట్టు యంత్రము చెడినను, నీటి ఇంజను ఆగినను, అతనిని పిలుచుచున్నారు. అతడు పానా పట్టుటకు ముందు, “ఆగిపోవుటకు ముందు ఏమి చప్పుడు చేసినది?” అని యజమానిని అడుగుచున్నాడు.

పెద్దలారా, మీ కొట్టములోని బండిని మీ మనుమడు విప్పదలచినచో వారింపకుడు. వాని ప్రక్కన పీట వేసికొని కూర్చుండి, ఆ బండి ఎట్లు నడచినదో, ఎక్కడ ఆగినదో, ఏ మేస్త్రీ ఏమి మార్చినాడో జ్ఞాపకమున్నంత చెప్పుడు. పనిముట్లు అంగడిలో దొరకును. ఆ మూలగ్రంథము మీ యొద్ద తప్ప మరియెక్కడను దొరకదు.