కూజా మొక్క ఆకులు మాడినపుడు

రెండేండ్ల క్రిందట వేసవి మొదట ఒక కూజా మొక్కను కొని, కందిలోని మా యింటి వసారాలో వ్రేలాడదీసితిని. నెల తిరుగకమునుపే ఆకుల కొనలు మాడినవి. ఆకలి గొన్నదేమోయని ఎరువు వేసితిని. దప్పి గొన్నదేమోయని బోరునీరు మరికొంత పోసితిని. మొక్క చచ్చినది. నా వైద్యమే దానిని చంపినదని పిమ్మట తెలిసినది. ఇట్టి మొక్కను ముచ్చటపడి తెచ్చుకొన్న శ్రోతలకు ఆ నష్టము కలుగకూడదనియే ఈ ప్రసంగము.

కూజా మొక్కను శాస్త్రజ్ఞులు నెపంథిస్ అందురు. మన దేశమున సహజముగా పెరుగు జాతి ఒక్కటే. అది మేఘాలయలోని గారో, ఖాసీ, జయంతియా కొండలలోనిది. ఆకు నడిమి ఈనె నులితీగగా సాగి, దాని కొన కూజాగా మారును. ఆ కూజాలోని ద్రవము గ్రుడ్డు తెల్లసొనను, మాంసపు తునుకలను జీర్ణించుకొనునని జోసెఫ్ హుకర్ 1874లో ప్రకటించెను. నేలలో చాలని నత్రజనిని ఈ మొక్క పురుగులనుండి గ్రహించును. కావున దాని వేళ్లు లవణములను ఓర్వజాలవు. మన ప్రాంతమందలి బోరునీటిలో అవియే మెండు. పైగా వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటును, గాలి పొడిగానుండును.

మందు వెదకుటకు ముందు ఏ ఆకు, ఏ చోట చెడినదో చూడవలెను. అడుగు ఆకు ఒక్కటే పండినచో అది ముసలితనము. కూజా పైనుండి క్రిందికి ఎండుటయు అట్టిదే. ఆకు పచ్చగానున్నంతవరకు కూజాను మాత్రమే కత్తిరింపుడు. పెక్కు ఆకుల కొనలు, అంచులు మాడి, కుండీలో తెల్లని పొర కట్టినచో లవణములు హెచ్చినవి. ఎండ తగులు వైపుననే ఆకు పాలిపోయి మచ్చలు పడినచో అది ఎండదెబ్బ. లేత ఎరుపు వన్నె మాత్రము దోషము కాదు. ఆకు బాగుండియు కూజా మొగ్గలోనే ఎండినచో గాలి పొడిదై యుండవచ్చును, లేదా వెలుతురు చాలకపోవచ్చును. కుండీ తడిగానుండియు మొక్క వాడినచో వేళ్లు కుళ్లినవేమో చూడుడు. ఆకు అడుగున సన్నని చుక్కలు, సాలెపట్టు వంటి పోగులు కానవచ్చినచో ఎర్రనల్లి; తెల్లని దూది వంటిదైనచో పిండినల్లి.

ఇక చికిత్స. వాననీరు పట్టి ఉంచుకొనుడు. పటాన్‌చెరు, సంగారెడ్డి ప్రాంతములలో రోడ్ల దుమ్ము, ఫ్యాక్టరీల మసి ఇంటికప్పులపై పేరుకొనును గనుక తొలివానల నీటిని విడిచివేయుడు. వాననీరు లేనప్పుడు ఆర్.ఓ. నీరు పోయవచ్చును, అందు లవణములు లీటరుకు 50 మిల్లీగ్రాములకు లోబడి యుండుట మేలు. లవణములు చేరిన కుండీలో ఆ నీటిని అడుగునుండి కారిపోవునట్లు రెండు మూడు మారులు పోయుడు. పళ్లెములో నీరు నిలువనీయరాదు. కొబ్బరి పొట్టు వాడినచో ముందుగా పలుమారులు కడుగవలెను. కుండీలో ఎరువు వేయరాదు. ఉదయపు ఎండ చాలును. మధ్యాహ్నమున నీడ కావలెను. కుళ్లిన వేళ్లను తీసివేసి, నీరు నిలువని క్రొత్త మిశ్రమములో నాటుడు. పురుగులను తడిగుడ్డతో తుడిచి, కొన్నాళ్లు ఆ మొక్కను వేరుగా నుంచుడు. పిల్లలు వేడుకకు కూజాలో మాంసము వేయుదురు. అది కుళ్లి కూజా నల్లబడును. వచ్చి పడు చీమలే దానికి చాలును.

మాడిన భాగము మరల పచ్చబడదు. దానిని చూచి నిరాశపడి మందు మార్చుచుండరాదు. తరువాత వచ్చు ఆకు శుభ్రముగానున్నచో చికిత్స ఫలించినట్లే. మా రెండవ మొక్కకు ఇట్లే వాననీరు పోసి వేచియుండగా, నాలుగవ క్రొత్త ఆకు కొనను చిన్న కూజా తలయెత్తినది.

మరియొక మనవి. ఖాసీ కొండల జాతి వాణిజ్యమును అంతర్జాతీయ ఒడంబడిక కట్టుదిట్టము చేసినది. అడవినుండి పెరికి తెచ్చిన మొక్కను కొనకుడు. నర్సరీలో పెంచినదానినే కొనుడు. కొన్నదానిని బ్రతికించుకొనుడు.