కాంట్రాస్టు మందు – మూత్రపిండముల రక్షణ



1895లో రాంట్‌జన్ కనుగొన్న ఎక్స్‌కిరణములు ఎముకలను స్పష్టముగా చూపును గాని, రక్తనాళములను చూపజాలవు. అందుచే అయోడిన్ గల ద్రవమును నరములోనికి ఎక్కింతురు. దీనికి కాంట్రాస్టు మందని పేరు. జనులు ‘డై’ అందురు. గుండె యాంజియోగ్రామునకును, అనేక సి.టి. స్కానులకును ఇది ఆవశ్యకము. ఇబ్రహీంపట్నం నుండి హైదరాబాదు ఆసుపత్రులకు పోవు రోగులకు ఈ పరీక్షలు నేడు క్రొత్తవి కావు.

పని ముగిసిన పిమ్మట ఈ మందు మూత్రపిండముల ద్వారా బయటికి పోవలెను. చిక్కు అచ్చటనే కలదు. చెరువు తూము క్రింద సేద్యము చేయు రైతునకు ఈ సంగతి సులభముగా బోధపడును. కాలువలో నీరు జోరుగా పారినచో ఒండ్రు కొట్టుకొనిపోవును. పారుదల మందగించినచో అడుగున పేరుకొనును. అట్లే శరీరమున నీరు తగ్గినచో ఈ చిక్కని మందు మూత్రపిండపు సన్నని నాళికలలో నిలిచిపోవును. లోపలి రక్తనాళములు ముడుచుకొని ప్రాణవాయువు కొరవడును. ఆ స్థితిలో ప్రాణవాయువు నుండియే పుట్టు ఉగ్రమైన అణువులు జీవకణములను గాయపరచును. రెండు మూడు దినములలో రక్తమున క్రియాటినిన్ పెరుగుట దీని గుర్తు.

మూత్రపిండములు చక్కగా ఉన్నవారికి ఈ ప్రమాదము మిక్కిలి స్వల్పము. అవి ముందే క్షీణించినవారికి, అందును మధుమేహము కలవారికి, అధికము. శ్రీకాకుళము జిల్లా ఉద్దానమున మధుమేహము లేనివారికిని మూత్రపిండవ్యాధి విస్తారముగా కనబడుచున్నది. కనుక చక్కెరవ్యాధి లేదను ధైర్యమొక్కటియే చాలదు.

ఆ ఉగ్రమైన అణువులే శత్రువులైనచో, వానిని అణచు యాంటీ ఆక్సిడెంట్లు రక్షింపవా? ఈ ఆశతో జర్మనీ వైద్యులు 83 మంది రోగులపై ఎసిటైల్‌సిస్టీన్ అను మందును పరీక్షించి, 2000లో ఫలితములు ప్రకటించిరి. ఇది కఫమును పలుచన చేయుటకును, పారాసిటమాల్ విషమునకు విరుగుడుగను వాడబడు మందు. సెలైనుతోపాటు దీనిని పుచ్చుకొన్నవారిలో 2 శాతమునకు, సెలైను మాత్రమే పొందినవారిలో 21 శాతమునకు హాని కలిగెను. మందు చౌక, అపాయము తక్కువ. అనేక దేశముల వైద్యులు దీనిని స్వీకరించిరి.

కాని కొలదిమంది సాక్ష్యముపై శాస్త్రము తీర్పు చెప్పదు. అమెరికా, ఆస్ట్రేలియా, న్యూజీలాండ్, మలేషియా దేశములలో సుమారు 5,000 మందిపై జరిగిన పరీక్ష 2018లో వెలువడెను. అందరికిని సెలైను వంటి ద్రవములు ఎక్కించిరి. మూత్రపిండముల హాని ఈ మందు పుచ్చుకొన్నవారిలో 9.1 శాతము, మందులేని మాత్ర పుచ్చుకొన్నవారిలో 8.7 శాతము. ఆశ ఫలింపలేదు.

అట్లని నిరాశ పడనక్కరలేదు. పరీక్షకు ముందు క్రియాటినిన్ చూపించుకొనవలెను. మూత్రపిండవ్యాధిని, వాడుచున్న నొప్పిమాత్రలను, మెట్‌ఫార్మిన్ వంటి చక్కెరమందులను వైద్యునకు దాచక చెప్పవలెను. అవసరమైనవారికి సెలైను ఎక్కించి, మందు మోతాదును తగ్గింతురు. గుండె బలహీనమైనవారు వైద్యుని మాటలేక అధికముగా నీరు త్రాగరాదు. భయముచే అత్యవసర పరీక్షను మానుకొనుట మరింత అనర్థము. రక్షణమును మందుల దుకాణమున వెదకుటకంటె, ముందుగా నోరు విప్పి చెప్పుట మేలు.